14 రోజుల రూలు అక్కడా ఉంది... ఇక్కడా ఉంది!

ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే తార్నాక నాలుగో స్టేషన్. స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, ఆ తర్వాత తార్నాక. ఈ కాస్త దూరంలోనే రెండు రకాల స్టూడెంట్స్ కనిపిస్తారు. ఒకరు ఫోన్‌లో వీసా స్లాట్‌లు వెతుక్కుంటూ, చేతిలో ఐఈఎల్‌టీఎస్ పుస్తకంతో విదేశం వెళ్లబోయే మనవాళ్లు. రెండోవాళ్లు ఉస్మానియాలోనో, ఇఫ్లూలోనో చదువుకోవడానికి విదేశం నుంచి మన దగ్గరికి వచ్చినవాళ్లు. ఒకే కోచ్‌లో పక్కపక్కనే నిలబడతారు. ఇద్దరి టెన్షనూ ఒకటే: ముక్కూమొహం తెలియని ఊళ్లో ఎలా నెట్టుకురావాలి?

నేను పుట్టి పెరిగింది నాచారంలో. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో, అంటే 2018 చలికాలం సెమిస్టర్, స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ మీద జర్మనీలోని ఆఖెన్ అనే ఊళ్లో చదివాను. ఇప్పుడు ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఇంటి పైపోర్షన్‌లో టాంజానియా నుంచి వచ్చిన ఇద్దరు స్టూడెంట్స్ అద్దెకు ఉంటున్నారు. అంటే అక్కడ నేను పరాయివాణ్ని, ఇక్కడ వాళ్లు పరాయివాళ్లు. రెండూ దగ్గర నుంచి చూశాక నాకు ఒక సంగతి అర్థమైంది. అడ్జస్ట్ అవ్వడం అనేది వచ్చినవాళ్లు ఒక్కరే చేసే పని కాదు. సగం పని ఊరివాళ్లది.

ఎక్స్ఛేంజ్ అంటే ఎంఎస్ కాదు

ముందు ఒక క్లారిటీ. ఎంఎస్‌కి వెళ్తే రెండేళ్లు, ఆ తర్వాత ఉద్యోగం. మొదటి ఆరు నెలలు కష్టంగా గడిచినా సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌లో అలా కుదరదు. రెండు కాలేజీల మధ్య ఒప్పందం ఉంటుంది. ఏ సబ్జెక్టులు చదవాలో, ఏ క్రెడిట్లు తిరిగి లెక్కలోకి వస్తాయో వెళ్లకముందే కాగితం మీద రాసుకుని సంతకాలు పెడతారు. ఒకటి లేదా రెండు సెమిస్టర్లు అయ్యాక ఇంటికి. డిగ్రీ మన కాలేజీ నుంచే. అంటే ఊరు అలవాటయ్యేసరికి తిరుగు ఫ్లైట్ టికెట్ రెడీగా ఉంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. నార్వే నుంచి ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లొచ్చిన సుమారు 200 మందిని ప్రశ్నించి, స్వెర్రె లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు 1955లో ఒక పేపర్ రాశాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు బాగానే సర్దుకున్నారు. ఏడాదిన్నర దాటినవాళ్లూ బాగానే ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. గీత గీస్తే ఇంగ్లిష్ 'యు' అక్షరంలా వస్తుంది. మొదట కొత్త మోజు, తర్వాత నీరసం, ఆ తర్వాత మెల్లగా అలవాటు. 1963లో గల్లాహార్న్ దంపతులు ఇంకో 'యు' కలిపి దాన్ని 'డబ్ల్యు' చేశారు. ఎందుకంటే ఇంటికి తిరిగొచ్చాక కూడా అదే తంతు మళ్లీ మొదలవుతుందట!

'కల్చర్ షాక్' అనే మాటను అందరి నోటా నానేలా చేసింది కలెర్వో ఓబర్గ్ అనే మానవ శాస్త్రవేత్త. ఆయన చెప్పింది సింపుల్. మనిషిని కుంగదీసేవి పెద్ద పెద్ద తేడాలు కాదు. ఎప్పుడు చెయ్యి కలపాలి, ఎవరైనా భోజనానికి పిలిస్తే నిజంగా వెళ్లాలా, కొట్లో ఏమని అడగాలి... ఇలాంటి వంద చిన్న చిన్న ఆనవాళ్లు మన ఊళ్లో ఆలోచించకుండానే తెలిసిపోతాయి. కొత్త ఊళ్లో అవన్నీ ఒకేసారి మాయమవుతాయి.

ఆ ఆనవాళ్లు అక్కడ ఎక్కడ దొరుకుతాయి? ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? ఆఖెన్‌కీ నాచారానికీ అసలు తేడా అదే.

అక్కడ రూలు గోడ మీద ఉంటుంది

జర్మనీలో ఇల్లు మారితే రెండు వారాల్లో టౌన్ ఆఫీసుకి వెళ్లి అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి. దాన్ని 'అన్‌మెల్డుంగ్' అంటారు. విదేశీయులకే కాదు, జర్మన్లకీ అదే రూలు. 'ఇతను మా ఇంట్లో ఉంటున్నాడు' అని ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం ఇవ్వాలి. 2015 నవంబర్ నుంచి ఆ కాగితం ఇవ్వడం ఓనర్ బాధ్యత అని చట్టం. అది లేకపోతే మిగతా పనులు ముందుకు కదలవు.

ఇక బిల్డింగ్‌లో అడుగుపెడితే మెట్ల దగ్గర గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేయొద్దు. ప్యాకింగ్ చెత్త పసుపు డబ్బాలో, కాగితం నీలం డబ్బాలో. మెట్లు తుడిచే వంతు ఏ వారం ఎవరిది. అంతా అందులోనే.

ఆదివారం సూపర్ మార్కెట్లు మూత. ఇదేదో యూనియన్‌వాళ్లు పెట్టుకున్న సెలవు కాదు. ఆదివారం విశ్రాంతి దినం అన్న 1919 వైమర్ రాజ్యాంగం మాటని 1949 రాజ్యాంగంలోకీ తెచ్చుకున్నారు. అందుకే పాలు, బ్రెడ్ శనివారమే కొనిపెట్టుకోవాలి. ప్లాస్టిక్ వాటర్ బాటిల్ తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయి. అప్పటి లెక్కలో 20 రూపాయలు. నెలాఖరులో నేనూ, నా రూమ్మేట్స్‌మీ సంచినిండా బాటిళ్లు మోసుకెళ్లేవాళ్లం.

టైమ్ విషయంలోనూ అంతే. టైమ్‌టేబుల్‌లో '10' పక్కన 'సి.టి.' అని ఉంటే క్లాస్ 10:15కి మొదలవుతుంది. 'ఎస్.టి.' అని ఉంటే సరిగ్గా 10కే. లేటు కూడా రాసిపెట్టుకుంటారన్నమాట! మార్కులైతే పూర్తిగా తిరగేసి ఉంటాయి. మనకు 10 వస్తే గ్రేట్, అక్కడ 1.0 వస్తే గ్రేట్. 4.0 దాటితే ఫెయిల్.

ఇవన్నీ నాకు ఎలా తెలిశాయి? యూనివర్సిటీవాళ్లు నాకొక 'బడ్డీ'ని ఇచ్చారు. అక్కడే చదివే ఒక జర్మన్ అమ్మాయి. స్టేషన్‌కి వచ్చి, రూమ్ దాకా తీసుకెళ్లి, మూడో రోజు టౌన్ ఆఫీసులో నా పక్కన కూర్చుంది. అలా అని మేమేమీ ప్రాణ స్నేహితులం అయిపోలేదు. నెల తర్వాత పెద్దగా కలవలేదు కూడా. కానీ ఆ మొదటి వారం ఆమె చేసిన సాయం వల్ల నాకు మూడు నెలలు కలిసొచ్చింది.

'నువ్వు', 'మీరు' మనకు ముందే తెలుసు

ఒక్క విషయంలో తెలుగువాళ్లకు అక్కడ అడ్వాంటేజ్ ఉంది. జర్మన్‌లో 'దూ' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే 'యూ' కాబట్టి అమెరికా నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్‌కి అది అస్సలు తలకెక్కలేదు. ఎవరిని ఏమనాలి, ఎప్పుడు మారాలి అని ఒకటే కంగారు. మనకు ఆ బాధ లేదు. మేష్టారిని 'మీరు' అంటాం, దోస్తుని 'నువ్వు' అంటాం. కొత్తగా పరిచయమైన మనిషి 'నన్ను నువ్వు అనొచ్చు' అన్నాక మారిపోతాం. గ్రామర్ రాకపోయినా మర్యాద వచ్చేసింది.

అలా అని అక్కడంతా పూలబాట కాదు. గది కోసం వెతికేటప్పుడు ఒక చోట ఫోన్‌లో 'ఖాళీ ఉంది, రేపు రండి' అన్నారు. పేరు, దేశం అడిగారు. చెప్పాను. పది నిమిషాల్లో 'గది నిండిపోయింది' అని మెసేజ్. నవంబర్‌కల్లా చలి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. గోడ మీద రూల్స్ అన్నీ ఉన్నాయి కానీ 'తిన్నావా?' అని అడిగే మనిషి లేడు. అమ్మకు వీడియో కాల్ చేస్తే ఆమె మొదటి మాట అదే. కడుపు నిండినట్టే ఉండేది.

ఇక్కడ రూలు మనిషి నోట్లో ఉంటుంది

ఇప్పుడు నాచారం వద్దాం. ఉస్మానియా యూనివర్సిటీ 1918 నాటిది. 1958లో ఇంగ్లిష్ టీచర్ల కోసం మొదలైన సంస్థే 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది, అదే ఇఫ్లూ. ఈ రెండింటికీ విదేశీ విద్యార్థులు రావడం కొత్తేం కాదు. 1950లో పెట్టిన ఐసీసీఆర్ స్కాలర్‌షిప్‌ల మీద ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి ఎంతోమంది వస్తుంటారు. హాస్టల్ దొరికినవాళ్లు క్యాంపస్‌లో, దొరకనివాళ్లు హబ్సిగూడ, తార్నాక, నాచారం చుట్టుపక్కల గదుల్లో.

మా పైపోర్షన్ అబ్బాయి వచ్చిన కొత్తలో నన్ను అడిగిన ప్రశ్నలు వింటే మన ఊరు నాకే కొత్తగా కనిపించింది.

'హబ్సిగూడ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కడికి వెళ్తుందో ఎలా తెలుస్తుంది? బోర్డు లేదు కదా?' నిజమే. డ్రైవర్ అరుపే బోర్డు. 'ప్లంబర్ పది నిమిషాల్లో వస్తా అన్నాడు, మూడు గంటలైంది. కోపమొచ్చిందా?' లేదు తమ్ముడూ, పది నిమిషాలంటే 'ఇవాళ వస్తా' అని. 'షాపులో అడిగితే తల అటూ ఇటూ ఊపాడు. ఉందనా, లేదనా?' ఉందనే. 'బస్‌లో ఆడవాళ్లకు కండక్టర్ డబ్బులు తీసుకోకుండా టికెట్ ఇస్తున్నాడు, మా క్లాస్ అమ్మాయి దగ్గర మాత్రం తీసుకున్నాడు. ఎందుకు?' అది 2023 డిసెంబర్‌లో మొదలైన మహాలక్ష్మి పథకం. తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆమెను వేరుగా చూసి కాదు, కార్డు లేక. ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పకపోవడంతో ఆ అమ్మాయి వారం రోజులు బాధపడిందట.

ఇంకా అసలు తమాషా ఇక్కడుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టొద్దని మన దేశంలోనూ రూలుంది. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, అంతే. జర్మనీలో ఏ గంటలో, మన దగ్గరా అవే గంటలు! వినాయక నిమజ్జనం ముందు రోజు రాత్రి మా వీధిలో నిలబడి ఆ మాట చెబితే పైపోర్షన్ అబ్బాయి పడీపడీ నవ్వాడు.

చట్టాలు దాదాపు ఒకటే. అక్కడ రాసిన రూలు నడుస్తుంది. ఇక్కడ రాయని రూలు నడుస్తుంది. గుమ్మం బయట చెప్పులు విప్పాలి, పక్కింటాయన్ని పేరు పెట్టి కాకుండా అంకుల్ అనాలి, తినేవాళ్ల ప్లేటు వైపు ఎడమ చెయ్యి చాపకూడదు... ఇవి ఏ గోడ మీదా ఉండవు. చదువుకుని నేర్చుకునే దారే లేదు. ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాల్సిందే. అందుకే కొత్తవాడికి మనిషి అవసరం ఆఖెన్‌లో కంటే నాచారంలోనే ఎక్కువ.

టూలెట్ బోర్డు దగ్గర ఆగిపోయే కథ

మరి ఆ మనిషి దొరుకుతున్నాడా? ఇక్కడ కాస్త చేదు మాట చెప్పాలి. ఆ అబ్బాయిలు మా ఇంటికి రాకముందు నెలకు పైగా టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగారు. ఫోన్‌లో 'ఖాళీ ఉంది' అన్నవాళ్లు మనిషిని చూశాక 'ఫ్యామిలీకే ఇస్తాం' అన్నారు. ఒకాయన ఊరందరికీ చెప్పే అద్దెకు రెట్టింపు చెప్పాడు. రోడ్డు మీద రంగును బట్టి ఒక మాట విసరడం, అడగకుండా సెల్ఫీ తీసుకోవడం, బస్‌లో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణించడం... వాళ్లు చెప్పినవన్నీ నేను పెరిగిన వీధుల్లోవే. ఆఖెన్‌లో నాకొచ్చిన 'గది నిండిపోయింది' మెసేజ్ ఒక్కటి. వీళ్లకు అలాంటివి పదకొండు.

మా ఇంట్లో కూడా చర్చ జరిగింది. నాన్న వెంటనే ఒప్పుకోలేదు. 'పిల్లలు మంచోళ్లే కావచ్చురా. పోలీసుల లొల్లి వస్తే ఎవరు తిరగాలె? పక్కోళ్లు ఏమంటరో?' అన్నాడు. అమ్మ మాత్రం ఒక్క మాటే అడిగింది: 'మనోడు ఆడికి పోయినప్పుడు ఎవరో ఒకరు ఇల్లు ఇచ్చిన్రు కదా?'

పోలీసుల భయానికి నిజానికి సమాధానం ఉంది. విదేశీయులకు ఇల్లు ఇవ్వడం నేరం కాదు, చెప్పకుండా ఇవ్వడం తప్పు. ఓనర్ ఆన్‌లైన్‌లో 24 గంటల్లో ఒక ఫారం నింపాలి. పాస్‌పోర్టు, వీసా వివరాలు, ఇంటి అడ్రస్. 180 రోజులు మించిన వీసా మీద వచ్చిన స్టూడెంట్ దేశంలో దిగిన 14 రోజుల్లోగా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. అదీ ఆన్‌లైన్‌లోనే మొదలుపెట్టొచ్చు. గమనించారా? ఆఖెన్‌లో నాకూ రెండు వారాలే, ఇక్కడ వాళ్లకూ రెండు వారాలే. అక్కడ ఓనర్ సంతకం, ఇక్కడ ఓనర్ ఫారం. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫారం నింపుతుంటే నాన్న పక్కన కూర్చుని ప్రతి గడీ చదివాడు. అయిపోయాక 'గింతేనా?' అన్నాడు.

తర్వాత ఆయనే ఒక తెల్ల కాగితం తీసుకుని నాతో ఇంగ్లిష్‌లో రాయించాడు. నీళ్లు పొద్దున ఏ టైమ్‌కి వస్తాయి, మోటర్ ఎవరు వేయాలి, గేటు రాత్రి 11కి తాళం, తడి చెత్త పొడి చెత్త వేరు, అద్దె ఐదో తారీఖులోపు. మెట్ల దగ్గర అంటించాడు. అచ్చం ఆఖెన్ గోడ! ఆ అబ్బాయి మొత్తం చదివి మర్యాదగా అడిగాడు: 'అంకుల్, ఇందులో మేం చేయాల్సినవి ఉన్నాయి. మాకు నీళ్లు రాకపోతే, ఒంట్లో బాగోకపోతే ఎవర్ని పిలవాలి?' నాన్న కాసేపు మాట్లాడలేదు. పెన్ను తీసుకుని చివర తన ఫోన్ నంబర్ రాశాడు. ఇప్పుడు ఆ నంబర్‌కి ఎక్కువగా వచ్చే కాల్స్ క్రికెట్ స్కోర్ గురించి. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు మా నాన్నే వాళ్లకు కోచ్, కామెంటేటర్, అన్నీ.

పక్కింటివాళ్లు? మొదట్లో గుసగుసలు ఉండేవి. బోనాల రోజు అమ్మ వాళ్లను కిందికి పిలిచి అందరి ముందు భోజనం పెట్టింది. అన్నీ మాయమయ్యాయని అనను. ఆ వీధి చివర ఒకాయన ఇప్పటికీ మా నాన్నతో సరిగ్గా మాట్లాడడు. నాన్న కూడా పట్టించుకోవడం మానేశాడు.

వెళ్లేవాళ్లూ... ఇది మీకు

ఎక్స్ఛేంజ్‌కి వెళ్తుంటే వెళ్లకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి బడ్డీ ప్రోగ్రామ్ ఉందా అని అడగండి. చాలా చోట్ల ఉంటుంది, అడిగినవాళ్లకే దొరుకుతుంది. అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు, ఇన్సూరెన్స్ పనులు మొదటి రెండు వారాల్లో పూర్తి చేయండి. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో చేరండి, పప్పు కుక్కర్ దొరికేది అక్కడే. కానీ వారానికి ఒక పూటైనా ఆ గ్రూప్ బయట గడపండి. నేను యూనివర్సిటీలో టేబుల్ టెన్నిస్‌కి వెళ్లేవాణ్ని. భాష రాకపోయినా బంతి ఎవరికైనా ఒకటే. రెండో నెలలోనో మూడో నెలలోనో ఏమీ నచ్చదు, నిద్ర పట్టదు. అది మీ ఒక్కరికే కాదు. మరీ భారంగా అనిపిస్తే యూనివర్సిటీ కౌన్సెలర్‌ని కలవండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తిరిగొచ్చాక హారన్ల మోత విసుగ్గా అనిపిస్తే 'మన దేశం ఇంతే' అని లెక్చర్లు దంచకండి. రెండో 'యు' నడుస్తోందని గుర్తుపెట్టుకోండి.

ఉండేవాళ్లూ... ఇది మనకు

మీ క్లాస్‌లో, మీ వీధిలో విదేశీ స్టూడెంట్ ఉంటే పెద్ద సాయాలేం అక్కర్లేదు. మొదటి వారం మూడు పనులు చాలు. ఒకసారి తోడు వెళ్లి బస్సు, షేర్ ఆటో ఎలా ఎక్కాలో చూపించండి. మీ ఇంట్లో, మీ వీధిలో రాయని రూల్స్ ఏంటో నోటితో చెప్పండి. మీ నంబర్ ఇవ్వండి. పేరు పలకడం రాకపోతే రెండుసార్లు అడిగి నేర్చుకోండి, మన పేర్లు వాళ్లకూ అంతే కష్టం. ఓనర్ అంకుల్ భయపడుతుంటే ఆ ఆన్‌లైన్ ఫారం గురించి చెప్పండి, అవసరమైతే మీరే నింపి పెట్టండి. స్మార్ట్‌ఫోన్ ఉన్న మనకు అది అరగంట పని.

కాలేజీలూ ఒకటి చేయొచ్చు. ఎన్‌ఎస్‌ఎస్‌లో మొక్కలు నాటినట్టే ప్రతి విదేశీ విద్యార్థికి ఒక లోకల్ బడ్డీని ఒక్క నెల అప్పజెప్పండి. ఖర్చేమీ లేదు. సీనియర్లకు ఇంగ్లిష్ ప్రాక్టీస్ అవుతుంది, విదేశం వెళ్లాలనుకునేవాళ్లకు రిహార్సల్ అవుతుంది.

కొత్త విద్యా సంవత్సరం బ్యాచ్ వచ్చినప్పుడు హబ్సిగూడ చౌరస్తాలో ఎవరో ఒకరు ఫోన్ మ్యాప్ చూసుకుంటూ, ఆటోవాళ్ల అరుపులు అర్థంకాక నిలబడి ఉంటారు. దగ్గరికెళ్లి 'ఎక్కడికి వెళ్లాలి?' అని అడగండి. నాచారం ఆటో ఏదో చూపించండి. వీలైతే 'తిన్నావా?' అని కూడా అడగండి. ఆ మాటకు అర్థం వాళ్లకు మెల్లగా తెలుస్తుంది.